పుంజో పెట్టో మామ్మ చెప్పేది

మా మామ్మ కోడిపిల్లను చేతిలోకి తీసుకునే ముందు రెండు అరచేతులనూ ఒకదానితో ఒకటి రుద్ది వెచ్చబరచుకునేది. చల్లటి చేయి తగిలితే పిల్ల బెదిరిపోతుందని, బెదిరిన పిల్ల తన అసలు తీరు చూపించదని ఆమె నమ్మకం. ఆ తరువాత పిల్లను ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి చూపుడు వేలితో ఒక రెక్కను విసనకర్రలా మెల్లగా విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, ఏమీ చెప్పకుండానే నేల మీద దింపేసేది. "పుంజా, పెట్టా మామ్మా?" అని నేను వెంటపడితే, "ఇప్పుడే సెప్పీమంటే ఎలాగే? ముందు దానికి తెలియాల గదా" అనేది.

మా ఇల్లు విశాఖపట్నంలో, గోపాలపట్నం నుంచి సింహాచలం కొండ వైపు వెళ్ళే దారిలో, రైలుస్టేషనుకు కూతవేటు దూరంలో ఉండేది. మూడు గదుల పెంకుటిల్లు, ముందు పంచ, వెనక పెద్ద పెరడు, ఆ పెరట్లో ఒక పనసచెట్టు, రెండు మునగచెట్లు, నుయ్యి. నాన్న షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసేవాడు. ఇంటి ఖర్చు నాన్న జీతం మీద నడిచేది కానీ, పెరటి రాబడి మాత్రం పూర్తిగా మామ్మది. మునక్కాడలు, పనసకాయలు, గుడ్లు, కోళ్ళు అమ్మగా వచ్చిన డబ్బును ఆమె ఎవరికీ లెక్క చెప్పేది కాదు, ఎవరూ అడిగేవారూ కాదు. మూడు నాలుగు పెట్టలు, ఒక పుంజు ఎప్పుడూ ఉండేవి. పిల్లలు పుట్టిన నెలల్లో ఆ సంఖ్య ఇరవై దాటేది.

పుంజులెన్ని, పెట్టలెన్ని అన్న లెక్క మీదనే ఆ పెరటి ఏడాది అంతా ఆధారపడి ఉండేది. కనుమ నాడు ఇంటికి ఒక పుంజు కావాలి. ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మకు మొక్కు ఉంటే మరొకటి కావాలి. మందలో ఉండడానికి ఒకదాన్ని నిలుపుకోవాలి. మిగిలిన పుంజులను సంక్రాంతికి ముందే, సైకిలుకు రెండు పక్కలా గంపలు కట్టుకుని వచ్చే వ్యాపారికి అమ్మెయ్యాలి. ఎందుకంటే రెండో పుంజు కూత నేర్చిన రోజు నుంచి పెరట్లో శాంతి ఉండదు, రెండూ నెత్తురొచ్చేదాకా పొడుచుకుంటాయి, మధ్యలో పెట్టల వీపుల మీద ఈకలు ఊడిపోతాయి. పెట్టలను మాత్రం మామ్మ అమ్మేది కాదు. ఒకటో రెండో ఇంట్లో నిలుపుకుని, మిగిలినవాటిని కాపురాలు చేసుకుంటున్న మా మేనత్తలకు పంపేది. కాళ్ళు కట్టిన పెట్టను సంచిలో పెట్టుకుని, తల మాత్రం బయటకు కనబడేటట్టు పట్టుకుని, సిటీబస్సులో కంచరపాలెంలోని మా పెద్ద మేనత్త ఇంటికి వెళ్ళిన ప్రయాణాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అలా పంపిన పెట్ట పుంజుగా తేలితే అది మామ్మకు తలవంపులుగా ఉండేది. అందుకే ఆమె తొందరపడేది కాదు.

ఆమె ఒక్క చూపులో తేల్చి చెప్పడం నేను ఒకే ఒక్కసారి చూశాను. అది 1983లో, సింహాచలం చందనోత్సవం రోజుల్లో. కొండకు వెళ్ళే జనం కోసం దారి పొడవునా దుకాణాలు వెలిసేవి. వాటి మధ్య ఒకతను వెదురు గంపలో గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగులద్దిన కోడిపిల్లలను పెట్టుకుని అమ్ముతున్నాడు. తమ్ముడు ఏడిస్తే నాన్న నాలుగు పిల్లలను కొని తెచ్చాడు. మామ్మ వాటిని చేతిలోకి కూడా తీసుకోలేదు. పంచలో కూర్చునే చూసి, "ఇవన్నీ పుంజులే" అన్నది. రెక్క విప్పి చూడకుండానే ఎలా తెలిసిందని నేను ఆశ్చర్యపోయి అడిగితే, "గుడ్లెట్టేదైతే ఎవుడైనా ఇంత సవగ్గా వీధిలో పెట్టి అమ్ముతాడేటి?" అన్నది.

ఆ మాటలో ఎంత నిజముందో నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. గుడ్ల కోసం పెంచే జాతుల్లో పుట్టిన పుంజుపిల్లలు హేచరీలకు పనికిరావు. అవి గుడ్లు పెట్టవు, మాంసానికి పెంచుదామంటే బ్రాయిలరు పిల్లల్లా త్వరగా ఎదగవు. అందుకని పుట్టిన రోజునే ఆడవాటిని, మగవాటిని వేరు చేస్తారు. పిల్ల వెనుక భాగాన్ని వేళ్ళతో సున్నితంగా ఒత్తి, లోపల ఆవగింజకన్నా చిన్నదైన ఒక బుడిపెను చూసి తేల్చే ఆ విద్యను జపాన్ శాస్త్రవేత్తలు వెలికితీశారు; 1933లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకం రావడంతో అది మిగతా దేశాలకు పాకింది. అలా ఏరిపారేసిన పుంజుపిల్లలే రంగులు పూసుకుని మన తిరునాళ్ళకు, సంతలకు వస్తాయి. మా నాలుగింటిలో మూడు వారం తిరగకుండానే చనిపోయాయి. తమ్ముడు వాటిని పనసచెట్టు మొదట్లో పాతిపెట్టి, మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగోది, ఆకుపచ్చది, బతికింది. నూగు రాలిపోయి ఈకలు వచ్చేసరికి రంగంతా పోయి తెల్లగా తేలింది. మూడో నెలకల్లా దాని తల మీద ఎర్రటి రంపంలాంటి జుట్టు, గడ్డం కింద రెండు లోలకులు, మామ్మ చెప్పినట్టే అచ్చమైన పుంజు. ఆ పిల్లలను కొనడం తప్పని నాన్నతో ఆ రోజు అనగలిగే వయసు నాకు లేదు. ఇప్పుడు ఎవరి చేతిలో రంగు పిల్ల కనబడినా ఆగి చెబుతాను.

మా పెరటి పిల్లల సంగతి వేరు. అవి నాటు కోళ్ళు, వాటిని తేల్చడానికి ధర తెలిస్తే చాలదు. మామ్మకు తన తల్లి నుంచి వచ్చిన మొదటి సూత్రం గుడ్డుతోనే మొదలయ్యేది: మొన తేలిన గుడ్డు పుంజు, గుండ్రటి గుడ్డు పెట్ట. పొదగవేసే ముందు ఆమె గుడ్లను దోసిట్లో ఒక్కొక్కటే తిప్పి చూసి ఏరేది. పాత గంపలో ఇసుక, దాని మీద ఊక పోసి, ఉరుములకు గుడ్లు పాడు కాకుండా ఒక ఇనుప మేకు గుచ్చి, బేసి సంఖ్యలో గుడ్లు పేర్చి, చీకటిపడ్డాక పొదుగు కోడిని తెచ్చి కూర్చోబెట్టేది. ఇరవై ఒకటో రోజున గంప దగ్గర చెవి పెట్టి వింటే లోపలి నుంచి సన్నటి కిచకిచలు వినిపించేవి. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన సంతోషం లాంటిది ఆ తరువాత నాకు బహు కొద్దిసార్లే కలిగింది.

1984 తొలకరిలో రెండు పెట్టలు ఒకేసారి పొదుగుకు వచ్చాయి, ఒకటి నల్ల పెట్ట, ఒకటి చుక్కల పెట్ట. ఆ ఏడు సంక్రాంతికి పుంజులు ఎక్కువ కావాలని మామ్మ మొన తేలిన తొమ్మిది గుడ్లను నల్ల పెట్ట కింద, గుండ్రటివి తొమ్మిదింటిని చుక్కల పెట్ట కింద పెట్టింది. నాకు అప్పుడు పదేళ్ళు. మామ్మ మాట నిజమో కాదో చూడాలని కాదు, నిజమని రాసి పెట్టుకోవాలని నేను ఒక నోటుపుస్తకం తెరిచాను. పిల్లలు బయటికి రాగానే నల్ల పెట్ట పిల్లల కాళ్ళకు ఎర్ర దారం, చుక్కల పెట్ట పిల్లల కాళ్ళకు తెల్ల దారం, అమ్మ ఎంబ్రాయిడరీ పెట్టెలోంచి తీసి వదులుగా కట్టాను. పిల్ల ఎదిగే కొద్దీ దారం బిగుసుకుపోయి కాలు వాస్తుందని మామ్మ హెచ్చరించడంతో ప్రతి ఆదివారం ఒక్కొక్కదాన్నీ పట్టి దారం మార్చేదాన్ని. ఆ పట్టడంలోనే, వారం వారం అదే పిల్లను చేతిలోకి తీసుకోవడంలోనే, మామ్మ విద్య నాకు కొంచెం కొంచెంగా అబ్బింది.

గద్ద తన్నుకుపోయినవి, ముంగిస పట్టినవి, వానకు తడిసి ముడుచుకుపోయినవి పోగా, చివరికి ఎర్ర దారానివి ఆరు, తెల్ల దారానివి ఐదు మిగిలాయి. దసరా నాటికి లెక్క తేలింది. మొన గుడ్ల పిల్లల్లో మూడు పుంజులు, మూడు పెట్టలు. గుండ్రటి గుడ్ల పిల్లల్లో మూడు పుంజులు, రెండు పెట్టలు. నేను పుస్తకం పట్టుకుని భయంభయంగా చదివి వినిపించాను. మామ్మ చాలాసేపు ఆలోచించి, "మొన గుడ్లు మన నల్ల పెట్టవేనే. అది ఎప్పుడూ అలాగే పెడతాది" అన్నది. ఆమె తన నమ్మకాన్ని వదులుకుందో లేదో నాకు తెలియలేదు కానీ, ఆ తరువాత గుడ్లు ఏరడం మాత్రం మానేసింది. ఆమె చెప్పినదే అసలు సంగతి. గుడ్డు ఆకారం ఆ పెట్ట గర్భనాళం తీరును బట్టి, పెంకు కట్టకముందు పొర అల్లుకునేటప్పుడు ఏర్పడుతుంది. లోపలి పిల్ల ఆడదా మగదా అన్నది అంతకు ముందే, పచ్చసొన అండాశయం నుంచి విడివడే వేళకే నిర్ణయమైపోయి ఉంటుంది. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి వైపు నుంచి వస్తే, కోళ్ళలో అది తల్లి వైపు నుంచి వస్తుంది. పుంజుకు రెండూ జెడ్ క్రోమోజోములే. పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ.

పుట్టిన మూడు వారాల తరువాత మామ్మ రెక్కలు, తోక, భుజాలు చూసేది. పెట్టపిల్లలకు ఈకలు ముందుగా, ఒద్దికగా, గుడ్డ కప్పుకున్నట్టు వచ్చేవి. పుంజుపిల్లలు ఆ వయసులో భుజాల మీద, వీపు మీద బోసిగా, తోక కూడా సరిగ్గా లేకుండా తిరిగేవి. ఇది అన్ని జాతులకూ ఒకేలా పనిచేసే గుర్తు కాదు. త్వరగా ఈకలొచ్చే పుంజును, ఆలస్యంగా ఈకలొచ్చే పెట్టను జతకట్టిస్తే పుట్టిన రోజునే రెక్క ఈకల పొడవును బట్టి ఆడా మగా చెప్పవచ్చు కానీ, ఆ లెక్క కుదరడానికి తల్లిదండ్రుల జాతులను ముందే అలా ఎంచి ఉండాలి. మామ్మ దీన్ని సగం సాక్ష్యంగానే తీసుకునేది. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీస్తే తల పైకెత్తేది పుంజు, వేలాడిపోయేది పెట్ట అని పొరుగింటివాళ్ళు చెప్పేవారు. మామ్మ దాన్ని ఎప్పుడూ చెయ్యలేదు. "దాన్ని అలా యేలాడగడితే బతుకుదామని సూస్తాది గానీ, పుంజో పెట్టో సూపిస్తాదేటి?" అనేది. ఆమె అన్న మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఐదారు వారాలు దాటితే జుట్టు మాట్లాడడం మొదలుపెట్టేది. ఒకే గంపలో పుట్టిన పిల్లల్లో కొన్నింటి తల మీది జుట్టు లేత పసుపు రంగులోనే ఉండగా, కొన్నింటిది గులాబీ రంగుకు, అక్కడి నుంచి ఎరుపుకు తిరిగేది. కాళ్ళు కూడా మందంగా, పాదాలు వెడల్పుగా కనిపించేవి. నిలబడే తీరు మారేది: పుంజు కాబోయేది మెడ నిక్కించి, రొమ్ము ముందుకు పెట్టి నిటారుగా నిలబడేది, పెట్ట నేలకు సమాంతరంగా వంగి, తన పని తాను చేసుకునేది. ఆకాశంలో గద్ద నీడ పడినప్పుడు ఏ పిల్ల ఆగి తలెత్తి చూసిందో, ఏది తలవంచుకుని మునగచెట్టు కిందికి పరుగెత్తిందో మామ్మ గుర్తుపెట్టుకునేది. అయితే ఇవన్నీ పిల్లలను పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే పనికొస్తాయని, ఒంటరి పిల్లను చూసి చెప్పబూనడం తెలివితక్కువని ఆమె అభిప్రాయం. పది వారాల పెట్టకు కూడా జుట్టు కాస్త ఎర్రబడవచ్చు, బలహీనమైన పుంజుకు మూడో నెలలోనూ పాలిపోయి ఉండవచ్చు.

మామ్మ పూర్తిగా నమ్మిన గుర్తు ఒక్కటే, అది మెడ మీది ఈక. మూడు నెలలు దాటాక పిల్లను ఒడిలో పెట్టుకుని, మెడ ఈకలను వేలితో ఎదురు దువ్వి, ఒక్క ఈకను గోటి మీద పరిచి చూసేది. కొస గుండ్రంగా వేప గింజలా ఉంటే పెట్ట. సన్నగా మొనదేలి వరి ఆకు కొసలా మెరిస్తే పుంజు. నడుము మీద తోకకు ఇరువైపులా జారే ఈకలు కూడా అంతే, పుంజుకు పొడవుగా మొనదేలి వేలాడతాయి, పెట్టకు పొట్టిగా గుండ్రంగా ఉండిపోతాయి. ఆ తరువాత తోకలో కొడవలిలా వంగే ఈకలు వస్తాయి, గొంతు బొంగురుగా సాగి ఒక తెల్లవారుజామున సగం కూత బయటికి వస్తుంది, ఇక ఎవరినీ అడగనక్కరలేదు. మా మేనకోడలు ఈ మధ్య పెందుర్తి దగ్గర కట్టుకున్న ఇంట్లో వనరాజా అనే పెరటి కోళ్ళ జాతి పిల్లలను తెచ్చి పెంచుతున్నది. "అత్తా, వీటిలో పుంజులెన్ని?" అని వాట్సాప్‌లో ఫొటోలు పంపుతుంది. మొత్తం పిల్లను దూరం నుంచి తీసిన ఫొటో నాకు వద్దని, మెడ మీద వెలుతురు పడేటట్టు దగ్గరగా తీసి పంపమని చెప్పాను. రెండు నెలల పిల్లల గురించి నేను ఏమీ చెప్పనంటే ఆ అమ్మాయికి కోపం వస్తుంది. ఆ ఓపిక నాకు మామ్మ దగ్గర నుంచి వచ్చింది, నేను దాన్ని పోగొట్టుకోదలచుకోలేదు.

అంత ఓపిక గల మామ్మ కూడా ఒకసారి తొందరపడింది. ఆ 1984 పిల్లల్లోనే, తెల్ల దారం పిల్ల ఒకటి కాకి నలుపులో, మిగతావాటికన్నా బెత్తెడు ఎత్తుగా, మందపాటి కాళ్ళతో ఎదిగింది. దాని తండ్రి మా పుంజు కాదు. రెండిళ్ళ అవతల ఒకాయన పందెపు జాతి అసిల్ కోళ్ళను పెంచేవాడు. డేగ, కాకి, నెమలి అని రంగును బట్టి పిలిచే ఆ పుంజులు అప్పుడప్పుడు గోడ దూకి వచ్చేవి. ఈ నల్ల పిల్ల గంపలో అందరికన్నా ముందు మేతకు దూకేది, తనకన్నా పెద్దవాటిని పొడిచేది. సెప్టెంబరులో తమ్ముడికి విషజ్వరం వచ్చి పదకొండు రోజులు తగ్గలేదు. పన్నెండో రోజున మామ్మ పెరట్లోకి వచ్చి, ఆ నల్ల పిల్ల మీద చేయి వేసి, కొత్త అమావాస్యకు దాన్ని ఇస్తానని నూకాలమ్మకు మొక్కింది. మొక్కు పుంజుకే చెల్లుతుంది. అది పుంజని ఇంటిల్లిపాదికీ, ముఖ్యంగా ఆ క్షణంలో మామ్మకు, అనుమానం లేదు. తమ్ముడికి జ్వరం తగ్గింది.

దసరా నాటి నా లెక్కలో కూడా ఆ పిల్లను పుంజు కిందనే రాసుకున్నాను. దీపావళి దాటాక మిగతా పుంజుల నడుముల మీద మొన ఈకలు జారాయి, రెండింటికి కూతలు వచ్చాయి. నల్లదాని జుట్టు మాత్రం గింజంత ముద్దలా తలకు అంటుకుని ఉండిపోయింది. అసిల్ జాతికి జుట్టు రంపంలా లేవదు, పుంజుకైనా చిన్నగానే ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి ఏదీ చెప్పడానికి వీలులేదు. ఆ జాతి పెట్టలు కూడా పొడుగ్గా, నిటారుగా, పుంజుల్లాగే నిలబడతాయి. మామ్మ రోజూ సాయంత్రం దాన్ని ఒడిలోకి తీసుకుని మెడ ఈకలు చూసేది, ఏమీ అనకుండా వదిలేసేది. నేను అడగడం కూడా మానేశాను, ఎందుకంటే ఆమె ముఖం చూస్తే అడగకూడదని తెలిసేది. కార్తీకమాసం ముగిసే రోజుల్లో ఒక రాత్రి దీపం పెట్టాక, ఆమె దేవుడి గూటి ముందు హారతి వెలిగించి, పైకే అన్నది: "తల్లీ, నా కన్ను తప్పింది. అది పెట్ట. నీకు పుంజునే ఇస్తాను, కోపగించుకోకు." మరునాడు నా చేత నోటుపుస్తకంలో కొట్టి రాయించింది. తెల్ల దారం: పుంజులు రెండు, పెట్టలు మూడు.

1985 కొత్త అమావాస్యకు అనకాపల్లికి ఎర్ర దారం పుంజు వెళ్ళింది. పుంజనుకున్న ఆ నల్ల పిల్ల ఫిబ్రవరిలోనే మొదటి గుడ్డు పెట్టింది. అంతకు వారం ముందు నుంచి మామ్మ దాని వీపు మీద చేయి వేస్తే రెక్కలు కాస్త విప్పి నేలకు కూలబడేది. గుడ్డుకు వచ్చిన పెట్టే అలా చేస్తుందని, తోక కింది రెండు ఎముకల మధ్య వేళ్ళు పెట్టి ఎడం చూసి, ఆమె నాకు రోజు కూడా చెప్పింది. ఒక్క రోజు తేడాతో చెప్పినట్టే అయింది. ఆ గుడ్డును నూనెలో వేయించి తమ్ముడికి పెట్టింది.

నేను పెద్దయ్యాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదువుకున్నాను. ఒకరోజు తరగతిలో, 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త ఆరు పుంజుపిల్లల మీద చేసిన ప్రయోగం గురించి విన్నాను. వృషణాలు తీసేసిన పిల్లలకు జుట్టు ఎదగలేదు, కూత రాలేదు, పోట్లాడే బుద్ధి పోయింది. తీసిన వృషణాన్ని కడుపులో మరో చోట అమర్చిన పిల్లలు మాత్రం మామూలు పుంజులుగానే ఎదిగాయి. రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగే పదార్థమేదో ఉందని ఆయన దాన్నిబట్టి గ్రహించాడు. మా పెరట్లో ఐదో వారంలో ఎర్రబడిన ఆ జుట్టులన్నీ ఆ రోజు నా కళ్ళ ముందుకు వచ్చాయి. ఈకల సంగతి నాకు మరింత ఆశ్చర్యం కలిగించింది. మొనదేలిన ఈకలు పుంజుకు ప్రత్యేకంగా వచ్చి చేరేవి కావు. కోడికి సహజంగా వచ్చేది ఆ మొన ఈకే. పెట్ట అండాశయంలో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోను దాన్ని గుండ్రంగా, పొట్టిగా, మట్టి రంగుల్లో ఉంచుతుంది. అందుకే మామ్మ జుట్టును సగమే నమ్మి, మెడ ఈకను పూర్తిగా నమ్మడం సరైన పని అయింది. ఆ పాఠం విన్న నాటికి ఆమె లేదు. 1993లో పోయింది. ఇంటికి వచ్చి ఎవరికి చెప్పాలో తెలియక ఆ సాయంత్రం బీచిరోడ్డులో చాలాసేపు కూర్చున్నాను.

చెప్పవలసింది ఆ ఒక్క సంగతే కాదు. చుక్కల పెట్ట సంగతి కూడా ఉంది. అది మామ్మకు అన్ని కోళ్ళలోకీ ఇష్టమైనది, ఎన్నో ఈతల పిల్లలను పెంచినది. 1988 నాటికి గుడ్లు పెట్టడం పూర్తిగా మానేసింది. మరుసటి ఏడు ఈకలు రాల్చుకుని కొత్తవి వేసుకున్నప్పుడు దాని మెడ మీద మొన ఈకలు వచ్చాయి, తోకలో రెండు ఈకలు కొడవలిలా వంగాయి, కాలికి ముల్లు మొలిచింది. ఒక తెల్లవారుజామున, మా పుంజు కూత ఆగగానే, గంపలోంచి సన్నగా, బొంగురుగా మరో కూత వినబడింది. నేను లేచి వెళ్ళేసరికి మామ్మ అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని వీధంతా అన్నది. కోసెయ్యమని కొందరు, సింహాచలం కొండ మీద వదిలెయ్యమని కొందరు సలహా చెప్పారు. అమ్మ కూడా భయపడింది. మామ్మ మాత్రం చుక్కల పెట్టను ఒడిలో పెట్టుకుని, ఆ కొత్త మెడ ఈకలను ఒక్కొక్కటే గోటి మీద పరిచి చూస్తూ, "అరిష్టమేటే? ముసలిదైపోనాది, అంతే. ముసలిదాన్ని అయ్యేక నాకు మాత్రం గెడ్డం మీద ఎంటికలు రానేదేటి?" అన్నది. కోడికి ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుందని, అది ఉడిగిపోతే ఈస్ట్రోజెన్ తగ్గి పెట్టకు పుంజు ఈకలు, ఒక్కోసారి కూత కూడా వస్తాయని నేను ఆ తరువాత పుస్తకాల్లో చదువుకున్నదంతా ఆమె ఆ రెండు మాటల్లో చెప్పేసింది.

ఆ ఏడు పుష్యమాసంలో, సంక్రాంతి వారం రోజులుందనగా, సైకిలు వ్యాపారి వచ్చాడు. అమ్మవలసిన పుంజులను గంపల్లో వేసుకుని డబ్బు లెక్కపెడుతూ, నూతి పక్కన మన్ను కెలుకుతున్న చుక్కల పెట్టను చూశాడు. వంగిన తోక, మెరిసే మెడ, కాలి ముల్లు చూసి, ముదురు పుంజనుకుని, దానికి పుంజు ధర ఇస్తానన్నాడు. మంచి ధరే. ఆ నెల ఇంట్లో డబ్బు అవసరం కూడా ఉంది, అమ్మ మామ్మ వైపు చూసింది. మామ్మ నూతి దగ్గరకు వెళ్ళి, రెండు అరచేతులూ రుద్దుకుని, చుక్కల పెట్టను ఎత్తుకున్నది. "అది పెట్ట బాబూ, సరిగ్గా సూడు" అని చెప్పి, దాన్ని చంకలో పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.